యుమౌంట్ చేశాక లూప్ డివైజ్ తనంతట తానే ఖాళీ కావాలంటే: ఆటోక్లియర్ మార్గదర్శి

లైనక్స్‌లో డిస్క్ ఇమేజ్ ఫైలును మౌంట్ చేయాలంటే, అంటే అందులోని ఫైళ్లు ఒక డైరెక్టరీ కింద కనిపించేలా తగిలించాలంటే, మధ్యలో ఒక లూప్ డివైజ్ కావాలి. మామూలు ఫైలును బ్లాక్ డివైజ్‌లా, అంటే డిస్కులా, చూపించేది అదే. పని అయ్యాక యుమౌంట్ చేస్తే, అంటే ఆ మౌంట్‌ను తీసేస్తే, ఒక్కోసారి ఆ డివైజ్ కూడా వెంటనే ఖాళీ అవుతుంది, ఒక్కోసారి ఫైలును పట్టుకుని అలాగే ఉండిపోతుంది. బిల్డ్ సర్వర్లలో, బ్యాకప్ స్క్రిప్టుల్లో ఇలా మిగిలినవి బాగా పోగుపడే దాకా ఎవరి కంటా పడవు. ఈలోగా డిస్కులో చోటు తగ్గిపోతుంది, ఇమేజ్ ఉన్న ఫైల్ సిస్టమ్ యుమౌంట్ కానంటుంది, ఎవరు పట్టుకున్నారో ప్రాసెస్‌ల జాబితాలో ఎక్కడా కనబడదు.

కింద కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే రాశాం. టెర్మినల్‌లో ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టండి. ఒంటి అక్షరం ఆప్షన్లు చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ మాట చెబుతాం. దాదాపు అన్నిటికీ రూట్ హక్కులు ఉండాలి.

ఖాళీ చేసేది కెర్నల్

ఒకప్పుడు ఈ పని యుమౌంట్ ప్రోగ్రామ్ చేతిలో ఉండేది. మౌంట్ చేసేటప్పుడు ఏ లూప్ డివైజ్ వాడారో /ఈటీసీ/ఎంట్యాబ్‌లో రాసి ఉండేది. యుమౌంట్ దాన్ని చదివి డివైజ్‌ను విడిపించేది. ఎంట్యాబ్‌ను /ప్రాక్/మౌంట్స్‌కు సింబాలిక్ లింక్‌గా పెట్టిన సిస్టమ్‌లలో ఆ రాతకు చోటే లేదు. 2008లో వచ్చిన కెర్నల్ 2.6.25లో లూప్ డ్రైవర్‌కు ఆటోక్లియర్ అనే ఫ్లాగ్ చేరాక ఎంట్యాబ్ అవసరం తప్పింది.

ఆ ఫ్లాగ్ నియమం ఒక్కటే: డివైజ్‌ను తెరిచి ఉంచినవాళ్లలో ఆఖరివాడు మూసేయగానే కెర్నల్ దాన్ని ఫైలు నుంచి విడదీస్తుంది. ఇందులో యుమౌంట్ అనే మాటే లేదని గమనించండి. మౌంటై ఉన్న ఫైల్ సిస్టమ్ డివైజ్‌ను తెరిచి ఉంచినవాళ్లలో ఒకటి, అంతే. మామూలుగా అదొక్కటే ఉంటుంది కాబట్టి యుమౌంట్ చేయగానే డివైజ్ ఖాళీ అయినట్టు మనకు కనిపిస్తుంది. ఇంకెవరైనా తెరిచి ఉంచితే యుమౌంట్ విజయవంతమైనా డివైజ్ వదలదు. ఈ వ్యాసంలో వచ్చే చిక్కులన్నీ దాదాపుగా ఇక్కడి నుంచే పుడతాయి.

ఇంకో మాట. ఖాళీ కావడం అంటే /డెవ్/లూప్0 అనే నోడ్ మాయమవడం కాదు. ఫైలుతో దాని సంబంధం తెగుతుంది, నోడ్ మళ్లీ వాడకానికి సిద్ధంగా ఉంటుంది. కాబట్టి ఎల్ఎస్ కొట్టి /డెవ్‌లో ఇంకా లూప్ డివైజ్‌లు ఉన్నాయని కంగారు పడనక్కర్లేదు. లూప్ డివైజ్‌లను తగిలించే, విడదీసే, చూపించే కమాండ్ లోసెటప్. దాని జాబితాలో ఉంటేనే లెక్క.

ముందు మీ సిస్టమ్‌లో సరిచూసుకోండి

1. ఖాళీ ఇమేజ్ తయారు చేయండి: ట్రంకేట్ -ఎస్ 100ఎం టెస్ట్.ఐఎంజీ. ఇక్కడ 100 పక్కనున్న ఎం పెద్ద అక్షరం.

2. ఫైల్ సిస్టమ్ వేయండి: ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 టెస్ట్.ఐఎంజీ. కొన్ని పాత వెర్షన్లు ఇది బ్లాక్ డివైజ్ కాదు, కానిమ్మంటారా అని అడుగుతాయి. సరేననండి.

3. మౌంట్ చేయండి: మౌంట్ -ఓ లూప్ టెస్ట్.ఐఎంజీ /ఎంఎన్‌టీ.

4. లోసెటప్ -ఎల్ కొట్టండి. మీ ఫైలు ఉన్న వరసలో ఆటోక్లియర్ గడిలో 1 కనిపించాలి. స్క్రిప్టులో చూడాలంటే /సిస్/బ్లాక్/లూప్0/లూప్/ఆటోక్లియర్ అనే ఫైలును క్యాట్‌తో చదవండి. అందులోనూ అదే అంకె ఉంటుంది. సున్నా స్థానంలో మీ డివైజ్ సంఖ్య పెట్టుకోండి.

5. యుమౌంట్ /ఎంఎన్‌టీ.

6. లోసెటప్ -జే టెస్ట్.ఐఎంజీ. ఈ కమాండ్ ఆ ఫైలుకు తగిలించి ఉన్న డివైజ్‌లను చూపిస్తుంది. ఏమీ అచ్చు కాకపోతే అంతా శుభ్రంగా జరిగినట్టు.

నాలుగో మెట్టులో 0 వస్తే సాధారణంగా ఒక కారణం ఉంటుంది. అదే ఫైలుకు ముందే ఎవరో లోసెటప్‌తో డివైజ్ తగిలించి ఉంచారు, మౌంట్ కొత్తది తీసుకోకుండా దాన్నే వాడుకుంది. ఒకే ఇమేజ్‌ను రెండు వేర్వేరు లూప్ డివైజ్‌ల మీద మౌంట్ చేస్తే డేటా చెడిపోతుంది కాబట్టి మౌంట్ ఇలా ఉన్నదాన్నే తిరిగి వాడుకోవడం మంచిదే. కానీ అలాంటప్పుడు ఆ డివైజ్‌కు పాత ఫ్లాగే ఉంటుంది.

డివైజ్‌ను చేత్తో తగిలించినప్పుడు

మౌంట్ -ఓ లూప్ సరిపోయే చోట అదే వాడండి, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. పార్టిషన్లు కావాలన్నా, డైరెక్ట్ ఐఓ పెట్టాలన్నా, మౌంట్‌కు ముందు ఫైల్ సిస్టమ్‌ను సరిచూసే ఎఫ్ఎస్‌సీకే నడపాలన్నా లోసెటప్‌తో విడిగా తగిలించాల్సి వస్తుంది. లోసెటప్ -ఎఫ్ --షో టెస్ట్.ఐఎంజీ అంటే ఖాళీగా ఉన్న మొదటి డివైజ్‌కు ఫైలును తగిలించి, దాని పేరు అచ్చు వేస్తుంది. ఇలా తగిలించినదానికి ఆటోక్లియర్ 0 ఉంటుంది. దాన్ని మౌంట్ చేసి, యుమౌంట్ చేస్తే డివైజ్ అలాగే మిగులుతుంది. మిగిలిపోయిన డివైజ్‌లలో చాలా వాటి పుట్టుక ఇదే.

లోసెటప్ మొదట్లోనే ఆటోక్లియర్ పెట్టేయవచ్చు కదా అనిపిస్తుంది. పెడితే లోసెటప్ తన పని ముగించుకుని డివైజ్‌ను మూసిన మరుక్షణం, ఇంకెవరూ తెరిచి లేరు కాబట్టి, అది విడిపోతుంది. మౌంట్ ప్రోగ్రామ్‌కు ఈ బెడద లేదు. ఫైల్ సిస్టమ్ డివైజ్‌ను పట్టుకునే దాకా అది తన చేతిని వదలదు.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది యుమౌంట్ -డీ: యుమౌంట్ చేసి, కింద ఉన్నది లూప్ డివైజ్ అయితే దాన్నీ విడిపిస్తుంది. బాగానే పనిచేస్తుంది, కాకపోతే యుమౌంట్ చేసేవారు ఆ ఆప్షన్ గుర్తుపెట్టుకోవాలి. షట్‌డౌన్ సమయంలోనో, వేరే టూల్ చేతుల్లోనో యుమౌంట్ జరిగితే గుర్తుపెట్టుకునేవారు ఎవరు?

రెండోది మాకు ఎక్కువ నచ్చే దారి. డివైజ్‌ను మౌంట్ చేసిన వెంటనే, మౌంటై ఉండగానే, లోసెటప్ -డీ /డెవ్/లూప్0 కొట్టేయండి. కెర్నల్ 3.7కు ముందు దీనికి డివైజ్ బిజీ అనే లోపం వచ్చేది. 3.7 నుంచి ప్రవర్తన మారింది: వాడకంలో ఉన్న డివైజ్‌ను విడదీయమంటే కెర్నల్ లోపం చూపకుండా దానికి ఆటోక్లియర్ ఫ్లాగ్ పెట్టి ఊరుకుంటుంది. చివరి వాడకం ముగిశాక విడదీస్తుంది. అంటే ఒక్క కమాండ్‌తో, చేత్తో తగిలించిన డివైజ్ కూడా మౌంట్ -ఓ లూప్‌తో వచ్చినదానిలాగే మారిపోయింది. ఆ తర్వాత ఎవరు ఎలా యుమౌంట్ చేసినా సరే.

దీనికి మరో ముఖం ఉంది: లోసెటప్ -డీ విజయవంతంగా ముగిసిందంటే డివైజ్ విడిపోయిందని అర్థం కాదు. దాని ఎగ్జిట్ కోడ్ 0 చూసి ఇమేజ్ ఫైలును వేరేచోటికి తరలించే స్క్రిప్టులు ఇక్కడే దెబ్బతింటాయి. నిర్ధారణ కావాలంటే లోసెటప్ -జే అడగండి.

లోసెటప్ పెద్ద డీ మాత్రం సర్వర్లలో వాడవద్దు. అది సిస్టమ్‌లోని లూప్ డివైజ్‌లన్నిటినీ విడదీయమంటుంది. మౌంటై ఉన్నవి వెంటనే పోవు గానీ, వేరొకరి స్క్రిప్టు అప్పుడే తగిలించి ఇంకా మౌంట్ చేయనివి ఊడిపోతాయి.

ఇమేజ్‌లో పార్టిషన్లు ఉంటే

లోసెటప్ -ఎఫ్ --షోకు పెద్ద పీ ఆప్షన్ జోడిస్తే కెర్నల్ పార్టిషన్ పట్టికను చదివి /డెవ్/లూప్0పీ1, /డెవ్/లూప్0పీ2 వంటి నోడ్‌లు ఇస్తుంది. పార్టిషన్‌ను తెరవడం అంటే మొత్తం డిస్కును కూడా తెరిచినట్టే. అందువల్ల పీ1 మౌంటై ఉండగా /డెవ్/లూప్0 మీద లోసెటప్ -డీ కొట్టినా పై చిట్కా పనిచేస్తుంది. రెండు పార్టిషన్లు కావలసి ఉంటే రెంటినీ మౌంట్ చేశాకే ఆ కమాండ్ ఇవ్వండి. మొదటిది మౌంట్ చేసి ఫ్లాగ్ పెట్టేసి, రెండోది మౌంట్ చేసేలోగా ఏదో కారణంతో మొదటిది యుమౌంట్ అయితే కాళ్ల కింద డివైజ్ ఉండదు. చివర్లో ఎల్ఎస్‌బీఎల్‌కే చూడండి. పార్టిషన్ నోడ్‌లు ఇంకా వేలాడుతుంటే పార్ట్‌ఎక్స్ -డీ /డెవ్/లూప్0 వాటిని తీసేస్తుంది.

ఒక్క పార్టిషనే కావాలంటే ఇదంతా అక్కర్లేదు, ఆఫ్‌సెట్ చాలు. పార్టిషన్ 2048వ సెక్టార్‌లో మొదలైతే, సెక్టార్‌కు 512 బైట్ల చొప్పున ఆఫ్‌సెట్ 1048576. మౌంట్ -ఓ లూప్,ఆఫ్‌సెట్=1048576 అని ఇస్తే ఆటోక్లియర్ దానంతట అదే వస్తుంది. అదే ఇమేజ్ నుంచి మరో పార్టిషన్ కూడా ఇలాగే మౌంట్ చేయాలనుకుంటే రెండింటికీ సైజ్‌లిమిట్ కూడా ఇవ్వండి. లేకపోతే మొదటి డివైజ్ ఫైలు చివరిదాకా పరుచుకుని ఉంటుంది, రెండోదానికి మౌంట్ ఒప్పుకోదు: ఒకదానిమీదొకటి పడుతున్న లూప్ డివైజ్ ఉందని చెప్పి ఆగిపోతుంది.

కేపార్ట్‌ఎక్స్ -ఏవీతో చేసినవి వేరే జాతి. అవి డివైజ్ మ్యాపర్ నోడ్‌లు, /డెవ్/మ్యాపర్ కింద ఉంటాయి, యుమౌంట్ చేసినా లూప్ డివైజ్‌ను తెరిచే ఉంచుతాయి. ముందు యుమౌంట్, తర్వాత కేపార్ట్‌ఎక్స్ -డీవీ ఇమేజ్ ఫైలు పేరు. ఇదే క్రమం.

ఫ్లాగ్ 1 ఉంది, యుమౌంట్ అయింది, అయినా వదలడం లేదు

ఇంకా ఎవరో తెరిచి ఉంచారన్నమాట. ఎవరన్నది ఈ వరసలో వెతకండి, ఎందుకంటే మొదటివి చవకగా తేలిపోతాయి.

యుడెవ్. ఏ బ్లాక్ డివైజ్‌లో మార్పు వచ్చినా, డివైజ్‌లను కనిపెట్టుకుని ఉండే యుడెవ్, వాటిలో ఏ ఫైల్ సిస్టమ్ ఉందో గుర్తించే బీఎల్‌కేఐడీ దాన్ని ఒక్క క్షణం తెరిచి చూస్తాయి. ఆ కాసేపు డివైజ్ వదలదు. చేత్తో కమాండ్లు కొట్టేవారికి ఇది తెలియనే తెలియదు. స్క్రిప్టులో యుమౌంట్ తర్వాతి వరుసలోనే ఇమేజ్ ఉన్న ఫైల్ సిస్టమ్‌ను కూడా యుమౌంట్ చేయబోతే, ఒక్కోసారి బిజీ అంటుంది. మధ్యలో యుడెవ్ఏడీఎం సెటిల్ పెట్టండి. స్లీప్ 5 కంటే ఇది మేలు: పని లేకపోతే వెంటనే తిరిగొస్తుంది.

పైన ఎక్కిన డివైజ్‌లు. /సిస్/బ్లాక్/లూప్0/హోల్డర్స్ డైరెక్టరీలో ఏదైనా ఉంటే డివైజ్ మ్యాపరో, సాఫ్ట్‌వేర్ రెయిడో లూప్ మీద కూర్చుంది. ఎల్‌వీఎం వాల్యూమ్ గ్రూప్ అయితే వీజీఛేంజ్ -ఏఎన్ గ్రూప్ పేరు. లక్స్ ఎన్‌క్రిప్షన్ అయితే క్రిప్ట్‌సెటప్ క్లోజ్. ఇమేజ్‌లోని వాల్యూమ్ గ్రూప్‌ను మీరు అడగకుండానే హోస్ట్ యాక్టివేట్ చేసిన సందర్భాలు మామూలే, కాబట్టి నేను ఎల్‌వీఎం ముట్టుకోలేదు అనుకున్నా ఈ డైరెక్టరీ చూడండి. ఇమేజ్‌లో స్వాప్ ఉండి అది ఆన్ అయి ఉంటే స్వాప్ఆఫ్.

మామూలు ప్రాసెస్‌లు. ఫ్యూజర్ -వీ /డెవ్/లూప్0 లేదా ఎల్ఎస్ఓఎఫ్ /డెవ్/లూప్0. డివైజ్‌ను నేరుగా చదువుతున్న డీడీ, హెక్స్ ఎడిటర్, వర్చువల్ మెషీన్ ఇక్కడ దొరుకుతాయి.

లేజీ యుమౌంట్. యుమౌంట్ -ఎల్ వాడితే మౌంట్ పాయింట్ డైరెక్టరీ వృక్షం నుంచి మాయమవుతుంది, కానీ అందులో ఎవరైనా ఫైలు తెరిచి ఉన్నా, ఆ డైరెక్టరీలో ఎవరి షెల్లైనా నిలబడి ఉన్నా ఫైల్ సిస్టమ్ బతికే ఉంటుంది. వాళ్లు తప్పుకునే దాకా లూప్ డివైజ్ పోదు. పైగా /ప్రాక్/మౌంట్స్‌లో ఇక కనబడదు కాబట్టి వెతకడం కష్టం. క్లీనప్ స్క్రిప్టుల్లో -ఎల్ పెట్టడం రోగాన్ని దాచడమే. ముందు ఫ్యూజర్ -వీఎం మౌంట్ పాయింట్ అని కొట్టి, ఎవరున్నారో చూసి, వాళ్లను ఆపండి.

వేరే మౌంట్ నేమ్‌స్పేస్, అంటే కొన్ని ప్రాసెస్‌లకు విడిగా ఉండే మౌంట్‌ల జాబితా. ఎక్కువ సమయం తినేది ఇదే. మీరు ఇమేజ్ మౌంట్ చేసి ఉండగా ఒక కంటైనరో, సొంత మౌంట్ నేమ్‌స్పేస్‌తో నడిచే సిస్టమ్‌డీ సర్వీసో మొదలైతే, ఆ మౌంట్ నకలు ఒకటి దానికి కూడా వెళుతుంది. తర్వాత మీ వైపు యుమౌంట్ చేస్తే, ఆ వార్త అటు చేరని ప్రైవేట్ ప్రొపగేషన్ ఉన్నచోట, అవతలి నకలు అలాగే ఉండిపోతుంది. మీ టెర్మినల్ నుంచి చూస్తే ఎక్కడా మౌంట్ లేదు, డివైజ్‌ను తెరిచిన ప్రాసెస్సూ లేదు. గ్రెప్ -ఎల్ లూప్0 /ప్రాక్/*/మౌంట్‌ఇన్ఫో కొట్టండి. ఏ ప్రాసెస్ సంఖ్యలు వస్తాయో వాటి నేమ్‌స్పేస్‌లో మౌంట్ మిగిలింది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేయొచ్చు, లేదా ఎన్ఎస్ఎంటర్ -టీ ప్రాసెస్ సంఖ్య -ఎం యుమౌంట్ మౌంట్ పాయింట్ అని లోపలికి వెళ్లి యుమౌంట్ చేయొచ్చు. ఎన్ఎస్ఎంటర్‌తో చేసేటప్పుడు కంటైనర్ లోపలి దారి మన దారి కంటే వేరుగా ఉండొచ్చు. అదే మౌంట్‌ఇన్ఫో వరసలో చూసి రాసుకోండి.

గూడులో గూడు. లూప్0 మీద మౌంటైన ఫైల్ సిస్టమ్‌లోని మరో ఇమేజ్‌ను లూప్1కు తగిలిస్తే, లూప్1 వదలనిదే లూప్0 ఫైల్ సిస్టమ్ యుమౌంట్ కాదు. ఎప్పుడూ లోపలి నుంచి బయటికి విప్పుకుంటూ రండి.

చెరిపేసిన ఫైలు, తిరిగిరాని చోటు

లూప్ డివైజ్ పట్టుకుని ఉన్న ఇమేజ్‌ను ఆర్ఎంతో తీసేస్తే పేరు పోతుంది, డిస్కులో చోటు తిరిగి రాదు. డీఎఫ్ ఒక లెక్క, డీయూ ఇంకో లెక్క చెబుతాయి. మామూలుగా ఇలాంటి వాటికి ఎల్ఎస్ఓఎఫ్ వాడతాం, కానీ ఇక్కడ అది ఏమీ చూపదు: ఫైలును పట్టుకున్నది ఏ ప్రాసెస్సూ కాదు, కెర్నలే. లోసెటప్ -ఎల్ జాబితాలో ఫైలు పేరు పక్కన డిలీటెడ్ అని ఉంటుంది. యుమౌంట్ చేసి, ఫ్లాగ్ లేకపోతే లోసెటప్ -డీ కొడితే చోటు వెనక్కి వస్తుంది.

యుమౌంట్ అయిన వెంటనే ఇమేజ్‌ను కాపీ చేస్తే కాపీ సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే రాతలు పేజ్ క్యాష్‌లోకి చేరి ఉంటాయి. అవి అసలు డిస్కు మీదికి చేరాయని మాత్రం అనుకోవద్దు. ఇమేజ్ యూఎస్‌బీ డ్రైవ్ మీద ఉంటే పీకేముందు దాన్ని కూడా యుమౌంట్ చేయండి, లేదా సింక్ -ఎఫ్ ఇమేజ్ ఫైలు పేరు కొట్టండి.

స్క్రిప్టు తెగిపోయినా శుభ్రం కావాలంటే

స్క్రిప్టు ముగిసేటప్పుడు ఒక పని నడిపించే షెల్ కమాండ్ ట్రాప్ వాడటం అందరికీ తెలిసిందే: లోసెటప్ ఇచ్చిన పేరును వేరియబుల్‌లో పెట్టుకుని, ఎగ్జిట్ మీద యుమౌంట్, ఆపై లోసెటప్ -డీ నడిపే ఫంక్షన్‌ను తగిలిస్తాం. ట్రాప్ వరుస లోసెటప్ కంటే ముందే ఉండాలి, వేరియబుల్ ఖాళీగా ఉంటే ఫంక్షన్ ఊరుకోవాలి. అయినా కిల్ -9 పడితే ట్రాప్ నడవదు.

అన్‌షేర్ -ఎంతో స్క్రిప్టును దాని సొంత మౌంట్ నేమ్‌స్పేస్‌లో నడిపి, లోపల మౌంట్ -ఓ లూప్ వాడితే ఆ లోటు తీరుతుంది. నేమ్‌స్పేస్‌లోని ఆఖరి ప్రాసెస్ చచ్చిపోగానే కెర్నల్ ఆ నేమ్‌స్పేస్‌ను, దానితోపాటు మౌంట్‌లను తీసేస్తుంది. ఫైల్ సిస్టమ్ పోగానే డివైజ్‌ను ఆటోక్లియర్ విడదీస్తుంది. కిల్ -9 పడ్డా ఇది తప్పదు. స్క్రిప్టు వెనకాల నడవడానికి వదిలేసిన ప్రాసెస్‌లు ఏవైనా ఉంటే మాత్రం అవి పోయేదాకా నేమ్‌స్పేస్ బతికే ఉంటుంది. లోపల జరిగిన మౌంట్ బయటి టెర్మినల్‌లో కనబడదని కూడా గుర్తుంచుకోండి.

బూట్‌లో ఏవి మౌంట్ కావాలో రాసుకునే ఎఫ్‌స్ట్యాబ్ ఫైలు విషయం చిన్నది. ఆప్షన్ల గడిలో లూప్ అని రాస్తే మౌంట్ ప్రోగ్రామే ఆ పని చూస్తుంది, ఆటోక్లియర్ వస్తుంది. ఇమేజ్ వేరే డిస్కు మీద ఉంటే ఎక్స్-సిస్టమ్‌డీ.రిక్వైర్స్-మౌంట్స్-ఫర్= దాని దారి అని చేర్చండి, బూట్‌లో, షట్‌డౌన్‌లో వరస తప్పదు.

సొంత ప్రోగ్రామ్ రాస్తుంటే

/డెవ్/లూప్-కంట్రోల్‌ను తెరిచి ఖాళీ డివైజ్ సంఖ్య అడగండి. ఆ సంఖ్య మీకు కేటాయించినది కాదు, ఆ క్షణానికి ఖాళీగా ఉన్నది మాత్రమే. మీరు తగిలించేలోగా వేరే ప్రోగ్రామ్ లాక్కుంటే బిజీ అనే లోపం వస్తుంది, మళ్లీ అడగాలి. కెర్నల్ 5.8 నుంచి లూప్ కాన్ఫిగర్ అనే ఐఓసీటీఎల్ (డివైజ్‌కు ఆదేశాలిచ్చే సిస్టమ్ కాల్) ఉంది, ఫైలు, ఆఫ్‌సెట్, ఫ్లాగ్‌లు అన్నీ ఒకే దెబ్బలో ఇవ్వొచ్చు. ఆటోక్లియర్ ఫ్లాగ్ విలువ 4. పాత కెర్నళ్లలో ముందు ఫైలు తగిలించి, తర్వాత స్టేటస్ పెట్టే రెండు కాల్స్‌తో చేయాలి.

డివైజ్ ఫైల్ డిస్క్రిప్టర్‌ను మౌంట్ సిస్టమ్ కాల్ పూర్తయ్యే దాకా మూయకండి, అయిన వెంటనే మూసేయండి. మౌంట్ విఫలమైతే మూయడంతోనే డివైజ్ ఖాళీ అవుతుంది, విడిగా శుభ్రం చేసే కోడ్ అక్కర్లేదు. తెరిచేటప్పుడు, వేరే ప్రోగ్రామ్‌ను నడిపినప్పుడు డిస్క్రిప్టర్ దానంతట అదే మూసుకునేలా చేసే క్లోజ్-ఆన్-ఎగ్జెక్ తప్పనిసరి. అది మరిస్తే మీ ప్రోగ్రామ్ నడిపిన హెల్పర్ డీమన్ ఆ డిస్క్రిప్టర్‌ను వారసత్వంగా పొంది నెలలపాటు డివైజ్‌ను తెరిచే ఉంచుతుంది.

లూప్ కాని వర్చువల్ డివైజ్‌లు

క్రిప్ట్‌సెటప్‌కు డివైజ్ బదులు నేరుగా ఇమేజ్ ఫైలు ఇస్తే అది తానే ఆటోక్లియర్‌తో లూప్ డివైజ్ తీసుకుంటుంది. క్రిప్ట్‌సెటప్ క్లోజ్ చేయగానే కింది లూప్ కూడా పోతుంది. మౌంటై ఉండగానే ముగింపు ఏర్పాటు చేసిపెట్టాలంటే క్లోజ్‌కు --డిఫర్డ్ జోడించండి: డివైజ్ మ్యాపర్‌లో వాయిదా తొలగింపు కెర్నల్ 3.13 నుంచి ఉంది, లూప్‌కు లోసెటప్ -డీ చేసే పనినే అక్కడ ఇది చేస్తుంది.

వర్చువల్ మెషీన్ల క్యూకౌ2 ఇమేజ్‌లకు వాడే క్యూఈఎంయూ-ఎన్‌బీడీ దగ్గర ఈ సౌకర్యాన్ని నమ్ముకోవద్దు. --కనెక్ట్‌తో తగిలించినదాన్ని యుమౌంట్ చేశాక --డిస్‌కనెక్ట్ /డెవ్/ఎన్‌బీడీ0 అని మీరే విడదీయాలి. లూప్‌తో అలవాటు పడి ఇక్కడ కూడా మౌంటై ఉండగా డిస్‌కనెక్ట్ కొడితే ఫ్లాగ్ పెట్టి ఊరుకోదు, కనెక్షన్ తెగుతుంది, ఫైల్ సిస్టమ్ ఐఓ లోపాలతో నిలిచిపోతుంది. డివైజ్ ఇంకా తగిలి ఉందో లేదో /సిస్/బ్లాక్/ఎన్‌బీడీ0/పీఐడీ ఉందా అని చూసి తెలుసుకోవచ్చు.

మెమరీలోనే కుదించి ఉంచే డిస్కు లాంటి జెడ్‌ర్యామ్ కూడా తనంతట పోదు. యుమౌంట్ చేశాక జెడ్‌ర్యామ్‌సీటీఎల్ -ఆర్ /డెవ్/జెడ్‌ర్యామ్0 కొడితేనే మెమరీ తిరిగి వస్తుంది. ఇంకా వాడకంలో ఉంటే బిజీ అని నిరాకరిస్తుంది, డేటాకు నష్టం జరగదు.